ఐపీ సావుకారి కారు

ఏమంటివి, మళ్ళా ఒకసారి చెప్పు. మీ తాత గంగాధరప్ప ఈ జన్మలో ఎవురికీ జామీను సంతకము పెట్టలేదంట, నీ కారు లోనుకి కూడా పెట్టడంట, అందుకని ఈ అంజినప్ప జంగమకోటెకి వచ్చి ఆయప్పకి నచ్చజెప్పల్లంట. బలే మాట చెప్పినావులే రూపేషా. కూచో ఆ అరుగు మీద. ఆ ఫోను జేబులో పెట్టు ముందు, నేను మాట్లాడేటప్పుడు దాన్ని గీకుతా కూచుంటే నాకి ఒళ్ళు మండుతాది. ఇప్పుడు చెప్తా ఇను. మీ తాత పెట్టినాడు రా సంతకము. కారు లోనుకే పెట్టినాడు. అదీ ఎవురికి? కోర్టులో ఐపీ పెట్టినోనికి. నమ్ముతావా? నమ్మవు, నీ మొగము చూస్తేనే తెలుస్తాంది. పందెము కట్టు కావల్లంటే. నేను చెప్పేది అబద్ధమైతే ఈ తెల్ల మీసాలు నువ్వే గొరిగిపో, మా ఆడోళ్ళు కూడా సంతోషపడతారు.

ఐపీ అంటే తెలుసునా నీకి? ఇంటర్నెట్టులోది కాదప్పా. యాపారములో మునిగినోడు కోర్టుకి పోయి, సామీ, నేను అప్పులు తీర్చలేను, నా చేతిలో ఏమీ లేదు, ఉండేదంతా రాసిచ్చేస్తాండా, నన్ను కాపాడండి అని అర్జీ పెట్టుకొనేది. అట్ల పెట్టినోడు శ్రీరామయ్య. మన చింతామణి టమాటా మార్కెట్టులో మండీ ఉండె. నువ్వు అప్పుడు పుట్టినావో లేదో. తెల్ల ఫుల్ చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నుదుటి మీద సన్నగా బొట్టు. హరాజు పిలిచేకి నిలబడినాడంటే ఆ గొంతు బస్టాండు దాకా వినిపిస్తాండె. రైతు కండ్లల్లోకి చూసి పిలిచేవాడు ధర, పెట్టెల వైపు చూసి కాదు. ఈపొద్దు మండీలోళ్ళు ఉండారు చూడు, టవలు కింద చేతులు పిసుక్కొని రైతుకి తెలీకుండా బేరము చేసేవాళ్ళు, అట్ల కాదు. నేను ఆయప్ప సరుకు లారీలో తోల్తా ఉంటి. మద్రాసుకి, ఒకోసారి కలకత్తాకి. కలకత్తా అంటే నాలుగు దినాలప్పా, మధ్యలో టమాటా మాగిపోతే కళ్ళాపి చల్లినట్ల లారీ కిందనింకా రసము కారతాండె, వెనక కుక్కలు నాక్కుంటా వస్తాండె. అది ఇంగొక కత, వదిలేయి.

ఆ కలకత్తా యాపారస్తుడే ముంచినాడు. రెండువేల మూడో, నాలుగో, వానలు సరిగ్గా లేని సంవత్సరము. వరసగా సరుకు పోయె, దుడ్లు రాకపోయె. శ్రీరామయ్య రైతులకి ఇయ్యాల్సింది ఇంట్లో బంగారు పెట్టి ఇచ్చె, ఇల్లు పెట్టి ఇచ్చె, ఇంగ ఇచ్చేకి ఏమీ లేదు. నేను కలకత్తాకి పోయి చూస్తే ఆ అంగడి తావ వేరే పేరు బోర్డు, లోపల చెప్పులమ్ముతాండారు. వచ్చి ఆయప్పకి చెప్పితి. మొగము కడుక్కొన్యాడు, వకీలు తావకి పోయినాడు. ఐపీ పెట్టేసిరి. రైతులందరికీ కోర్టు నోటీసులు పోయె. అంతే. ఆ పొద్దు నింకా శ్రీరామయ్య అనే పేరు పోయె. సావుకారీ అని పిలిచినోళ్ళే ఐపీ అని పిలిచేకి మొదులు పెట్టిరి. అదిగో ఐపీ పోతాండాడు, ఐపీ పెండ్లాము అప్పళాలు వత్తి అమ్ముతాందంట. పొద్దన్నే మార్కెట్టులోకి వస్తే బోణీ అయ్యే వరకు ఏ మండీ ముందరా నిలబడనీరు. ఆయప్పే తెలుసుకొని, తొమ్మిదైనాక వచ్చి టీ అంగడి తావ నిలబడుకోని హరాజు విని ఎళ్ళిపోతాండె. పిలిచే ధర తప్పని తెలిసినా నోరు మెదపడు. పెదాలు మాత్రం కదుల్తాండె. చూసినోళ్ళకి తెలుసు లోపల్లోపల పిలుస్తాండాడని.

ఇట్ల మూడేండ్లు పోయినంక దేవనహళ్ళి తావ బెంగుళూరు కొత్త ఎయిర్‌పోర్టు కట్టేది ముగిసేకి వచ్చె. ఆ పక్కంతా అదే మాట. భూములమ్మినోడు బుల్లెట్టు కొన్యాడు, భూమి లేనోడు ట్యాక్సీకి డ్రైవరు అయినాడు. అప్పుడు శ్రీరామయ్య నా తావకి వచ్చె. అంజినప్పా, నాకి బండి తోలేది నేర్పియ్యి అనె. నేను నవ్వితి. యాభై నాలుగేండ్లు ఉంటాయి ఆయప్పకి, సైకిలు తొక్కితేనే ఆయాసము. ఎందుకన్నా అంటే, ఒక కారు పెట్టుకోని ఎయిర్‌పోర్టుకి తోల్తా, వచ్చింది వచ్చినట్ల రైతులకి తిరిగి ఇస్తా, సచ్చేలోపల నా పేరుతో పిలిపించుకోవల్ల అనె. అదే అడిగినాడప్పా ఆయప్ప, ఇంగేమీ అడగలేదు. నాకీ లారీ బాడిగ రావాల్సింది ఉండె కదా, సరే అంటి. బాగేపల్లి రోడ్డులో మా తమ్ముని పాత ఓమినీ ఎక్కించి నేర్పిస్తే, అయ్యో, ఆ ముచ్చట ఏం చెప్పల్ల. ఎదురుగా టమాటా లారీ వస్తే బ్రేకు తొక్కేసి రోడ్డు మధ్యలో నిలిపేది, లారీ పోయే వరకు చూసేది, నాటుకాయ, మొదటి కోత, ఇంత ధర పలుకుతాది అనేది. వెనక బస్సోడు హారన్ కొడతా బూతులు తిడతాండాడు, ఈయప్ప ఆ లోకములోనే లేడు. నెలన్నర పట్టె. లైసెన్సు వచ్చిన పొద్దు అంబుజమ్మ, అదే ఆయప్ప పెండ్లాము, నాకి అప్పళాలు ఒక కట్ట ఇచ్చె. బలే ఉండెలే మిరియాలేసి.

లైసెన్సు వచ్చె సరే, బండికి దుడ్లు? బ్యాంకుకి పోతిమి ఇద్దరమూ. మేనేజరు బెంగుళూరాయప్ప. మర్యాదగా కూచోబెట్టె. పేరు కొట్టినాడు, ఊరు కొట్టినాడు, అప్పుడు కంప్యూటరు వైపు చూసి, మా వైపు చూసి, మళ్ళా కంప్యూటరు వైపు చూసి, 'యజమానరే, నిమ్మ హెసరు హాకిదరె కంప్యూటరే నగుత్తె' అనె. పేరు కొడితే కంప్యూటరే నవ్వుతాదంట. పక్కన టేబులు ఆడపిల్ల నోటికి చెయ్యి అడ్డము పెట్టుకొనె. శ్రీరామయ్య కూడా నవ్వినాడప్పా వాళ్ళ మాదిరే, అది చూసేకి నాకి కాలేదు. ఇంగో చోటికి పోతే కోర్టు నింకా ఐపీ ముగిసిన కాగితము తెమ్మనిరి. కోర్టుకి పోతే వాయిదా. వాయిదా పొద్దు పోతే జడ్జి లీవు. ఆరు నెలలు పోయె. ఇప్పుడు నీకి చూడు, ఫోనులోనే వాళ్ళే అడుక్కుంటాండారు, లోను తీసుకో సామీ అని. అయినా మీ తాత సంతకము కావల్లంటాండారు కదా నీ బ్యాంకోళ్ళు? అదే మరి.

ఆమీట ఎవురో చెప్పిరి, చిక్కబళ్ళాపురములో స్వీటంగడి మీద మేడలో ఒక ఫైనాన్సు ఉండాది, గురుప్రసాద్ అని, బ్యాంకులు తోసేసినోళ్ళకి ఆయప్ప ఇస్తాడని. చిన్నోడు, ముప్పై ఉంటాయేమో, జుట్టుకి నూనె పెట్టి దువ్వి, మాట మాటకీ సార్ సార్ అంటాడు. శ్రీరామయ్య గుండె గట్టి చేసుకొని మొదులే చెప్పేసె, నేను ఐపీ పెట్టినోన్ని అని. వాడు లేచి కరెంటు ఫ్యాను పెద్దది చేసి, జామూను తెప్పించి, 'సార్, మీలాంటోళ్ళే మాకి కావాల్సింది. ఒకసారి పెట్టినోనికి మళ్ళా పెట్టే దోవ ఉండదు. మీరు యాడికీ పారిపోలేరు' అనె. ఎంత తీయగా చెప్పినాడనుకొన్యావు. శ్రీరామయ్య కొరికిన జామూను కప్పులోనే పెట్టేసినాడు. వడ్డీ చెప్తే నాకే కండ్లు తిరిగె. ఖాళీ చెక్కులు సంతకము పెట్టి ఇయ్యల్ల, బండి రెండో తాళము వాళ్ళ ఆఫీసులోనే ఉండల్ల, అంబుజమ్మ మెడలో మిగిలిన ఒక్క గొలుసు ముందస్తు దుడ్లకి పోవల్ల. అన్నిటికీ సరే అనె. కడాకి వాడు, ఒక జామీనుదారు కావల్ల సార్, భూమి ఉండే రైతై ఉండల్ల, పహణి తెచ్చియ్యల్ల అనె. ఐపీ పెట్టినోనికి తన పొలము కాగితము ఎవురిస్తారు చెప్పు? బామ్మర్ది ఇంట్లో లేనని చెప్పించె. లోపల దగ్గుతా ఉన్యాడు, మాకి వినిపిస్తాంది.

అప్పుడు శ్రీరామయ్యకి ఏం బుద్ధి పుట్టెనో, ఎవురికి ఎక్కువ ఇయ్యాల్నో వాని తావకే పోదాము అనె. అది మీ తాత. రెండు పంటల టమాటా దుడ్లు మీ తాతవి మునిగిండె. నేను వద్దంటి, కొడతాడు అంటి. వినలే. జంగమకోటెకి బస్సులో పోతిమి. మీ తాత పట్టుపురుగుల ఇంట్లో ఉండాడు, పురుగు నాలుగో జ్వరములో, అదే నాలుగోసారి పొర విడిచేకి మేత మానేసి పండుకొని ఉండాదంట, బయటోళ్ళు అడుగు పెట్టకూడదు. మేము ఎండలో బయటే నిలబడితిమి గంట సేపు. తీరా వచ్చి, ఆకు కోసే కత్తి చేతిలోనే ఉండాది, ఏమి సావుకారీ, దుడ్లు తెచ్చినావా అనె. సావుకారీ అనే మాట విని శ్రీరామయ్య మొగము ఎట్లైనాదో చూడాల్సింది. ఎకసెక్కమే చేసినాడు మీ తాత, అయినా ఆ మాట చెవిలో పడి శానా దినాలాయె కదా. అంతా చెప్పినాడు. కారు వస్తే నీ దుడ్లు వస్తాయి, కారు రాకపోతే నాతో పాటే పోతాయి అనె. మీ తాత ఆ కత్తి తీసకపోయి చూరులో చెక్కినాడు. మంచోడే మీ తాత, కాదనడం లేదు, కానీ లెక్క తెలిసినోడు. సరే పెడతా, కానీ రెండు షరతులు అనె. నెల నెలా నా బాకీ తీరే వరకు ఇంగెవురికీ పైసా ఇయ్యకూడదు, ఇంగ నేను సంతకము పెట్టినానని ఈ లోకములో ఎవురికీ తెలీకూడదు. ఎందుకో తెలుసా? ఐపీ పెట్టేటప్పుడే వకీలు చెప్పిండె, ఏం వచ్చినా అందరికీ సమానంగా పంచల్లని. మీ తాతకి ఒక్కనికే ముడుతాందని తెలిస్తే ఊర్లో బాకీ రావాల్సిన ఇంగా ఎనిమిది ఇండ్లోళ్ళు ఊరుకుంటారా? శ్రీరామయ్య చేతిలో చెయ్యేసి మాటిచ్చినాడు. నేను సాక్షి.

బండి వచ్చె. సెకండ్‌హ్యాండు ఇండికా, తెల్లది, ఎల్లో బోర్డు. గుడి ముందర పూజ చేపించి, నిమ్మకాయలు తొక్కించి, సేవంతి దండ ముందర కట్టినాము. నేను అంటి, అన్నా, ఇట్లే దేవనహళ్ళికి పోదాము, మొదుటి బాడిగ చూసుకొందాము. లేదనె. జామీను నిలబడినోని గడపకి టెంకాయ, తాంబూలము ఇయ్యకుండా మొదుటి బాడిగకి పోతే యాపారము కలిసి రాదు, మా నాయన కాలము నింకా మా మండీలో ఇదే పద్ధతి అనె. ఎవురికీ చెప్పకూడదని మాటిచ్చినావు కదన్నా అంటే, నేను యాడ చెప్తాండా, టెంకాయ ఇచ్చి గమ్మున వచ్చేస్తా అనె. ఈ యాపారము చేసే కులమోళ్ళు ఉండారు చూడు, దుడ్లు పోయినా పద్ధతి పోనీరు. దండేసిన కారు పట్టపగలు పల్లెలోకి పోతే గమ్మున ఎట్ల వస్తాది? ఆ సంగతి ఆయప్పకి తట్టలే. నాకి తట్టింది, గట్టిగా చెప్పలేదు. ఆయప్ప అంత సంతోషంగా ఉండేది చూసి నాలుగేండ్లు ఆయె.

పోయిన టైము కూడా అట్లాంటిదే. సాయంత్రము పాల డైరీ ముందర ఊరంతా క్యాన్లు పెట్టుకొని వరసలో ఉండాది. తెల్ల కారు వాళ్ళ ముందరే పోయి మీ ఇంటి ముందర నిలబడె. నేను తోల్తాండా, శ్రీరామయ్య పక్క సీటులో, ఒళ్ళో పళ్ళెము. దిగీ దిగకముందే క్యాన్లు ఆడే పెట్టేసి వచ్చేసిరి. ముందర రామాంజినప్ప, బాకీ రావాల్సిన ఆ ఎనిమిది మందిలో ఒకడు. మా టమాటాలన్నీ కారైపోయినాయా సావుకారీ, బలే కాపు కాసిందే అనె వాడు. అందరూ నవ్విరి. మొదట నవ్వే. ఆమీట ఒకడు అనె, నేరుగా గంగాధరప్ప ఇంటి ముందరికే యాల వచ్చె? వానికి ముట్టింటాది. దాచిపెట్టుకొన్యాడు రా దుడ్లు, ఐపీ అని మన నోట్లో మట్టి కొట్టి, పెద్ద రైతుకి మాత్రము లోపల్లోపల తీర్చేసినాడు. అంతే, నవ్వు పోయె. ఒకడు బానెట్టు మీద గుద్దె. సేవంతి దండ తెంపేసిరి. శ్రీరామయ్య, లోను మీద తెచ్చిన బండప్పా, నాది కాదు అంటాండాడు. ఐపీ పెట్టినోనికి లోనెవురిస్తారు రా, ఎవుడు జామీను నిలబడినాడు, పేరు చెప్పు అంటాండారు వాళ్ళు. అదొక్కటే చెప్పలేడు కదా ఆయప్ప.

అప్పుడు మీ తాత బయటికి వచ్చె. అరుగు మీద నిలబడె, భుజము మీద టవలు. రామాంజినప్ప తిన్నంగా అడిగినాడు, నువ్వు చెప్పు గంగాధరన్నా, ఈయప్ప నీ ఇంటికి టెంకాయ యాల తెచ్చినాడు? ఒక్క మాట రూపేషా. నేనే జామీను పెట్టినాను, అది లోను బండి, దాన్ని ముట్టొద్దండి. ఇంత అంటే చాలు. ఊర్లో మీ తాత మాటకి ఎదురు లేదు. శ్రీరామయ్య మీ తాత వైపు చూస్తాండాడు, చెప్పమని కూడా కాదు, ఊరికే చూస్తాండాడు. మీ తాత ఏమన్నాడో తెలుసునా?

'నాకేం తెలుసు. ఎందుకు వచ్చినాడో ఆయప్పనే అడగండి.'

లోపలికి పోయి తలుపేసుకొన్యాడు. గొళ్ళెము పడింది కూడా వినిపించె.

లోను కాగితాలు డ్యాషుబోర్డులోనే ఉండాయి. మీ తాత సంతకముతో. నాకి ఆగలే, చెయ్యి పెట్టి తీయబోతి. శ్రీరామయ్య నా మణికట్టు పట్టుకొన్యాడు. 'వద్దు అంజినప్పా. మాటిచ్చిండా.' అంత మెత్తని చెయ్యి అట్ల ఇనుము మాదిరి యాడ నింకా ఆయెనో. నేను గుంజుకొని తీసుండల్ల. ఆ కాగితము రామాంజినప్ప మొగము మీద కొట్టుండల్ల. తీయలే. ఇన్నేండ్లూ ఆయప్ప పట్టిన ఆ చేతి మీదే తప్పు తోసేస్తా ఉండా, నా మీద ఏసుకోలే. ఆ కాగితాలు మడిచి చొక్కాలోకి తోసుకొని, తాళము ఇచ్చేసినాడు ఆయప్ప. వాళ్ళు బండి తోసుకుపోయి డైరీ వెనక పెట్టిరి, దుడ్లు తెచ్చి తీసుకపో అనిరి. మేము బస్టాండుకి నడిచి పోతిమి, ఆయప్ప చేతిలో పళ్ళెము అట్లే ఉండాది. టెంకాయ కూడా.

ఇంగ మిగిలిందేముంది. పోలీసులకి చెబ్దామంటే ఐపీ కేసు ఉండేదే కదా, వాళ్ళు ముందు ఈయప్పనే అడుగుతారు. రెండు కంతులు తప్పె. గురుప్రసాద్ మనుషులు మధ్యాహ్నము వచ్చి, రెండో తాళము పెట్టి డైరీ వెనక నింకా తోలుకొని పోయిరి, ఒక్కడు అడ్డము రాలే. అమ్మేసిరి. వచ్చింది చాలక మిగిలినదానికి నోటీసు మీ తాతకి వచ్చె, పహణి మీద. మీ చెరువు పక్క రేషిమె తోట, పట్టుపురుగులకి ఆకు కోసేది, అమ్మినాడు చూడు, మీ అమ్మ పెండ్లికి చేసిన అప్పుకని చెప్పుకొన్యాడు ఊర్లో. పెండ్లి అప్పుకి కాదప్పా, ఆ పెండ్లి అయి అప్పటికే నాలుగేండ్లు. ఎవురికీ చెప్పుకోలేడు, ఏడ్చేకీ లేదు. ఆ ఎనిమిది మందికీ పైసా రాలే. నాకీ రాలే. అంబుజమ్మకి గొలుసు పోయె. శ్రీరామయ్య ఎయిర్‌పోర్టులో ఎవురిదో కారుకి డ్రైవరుగా చేరె, బెంగుళూరోనిది. రెండువేల తొమ్మిదిలో, పార్కింగులో, బాడిగ కోసం వరసలో నిలబెట్టుకొని, స్టీరింగు మీద తల వాల్చి పోయినాడు. ముందరి కారు జరిగితే ఇది జరగలేదంట, వెనకోడు హారన్ కొడతానే ఉండాడంట. ఆ కారు ఓనరుకి పూర్తి పేరు కూడా తెలీదు. ఫోను చేసి నన్ను అడిగినాడు, మీ ఐపీ డ్రైవరు చచ్చిపోయినాడు, ఎవురికి చెప్పల్ల అని. ఆడికీ పోయిండాది ఆ పేరు, ఎట్ల పోయిందో దేవునికి తెలియల్ల.

పదకొండో దినము మీ తాత వచ్చె. తప్పు చెప్పకూడదు, వచ్చె. నన్ను పక్కకి పిలుచుకొని పోయె, వెనక వంట చేస్తాండారు కదా, ఆడికి. నేను అనుకొంటి, ఏడుస్తాడేమో, ఏదో అంటాడేమో. ఆ కాగితాలు యాడుండాయి అనె. నా తావే ఉండె, శ్రీరామయ్యే పోయేదానికి ముందర నా చేతికి ఇచ్చిండె. ఇచ్చేస్తి. సంతకము చూసుకొన్యాడు మీ తాత, రెండు సార్లు తిప్పి చూసుకొన్యాడు, అన్నము ఉడికే పొయ్యిలో పెట్టి, మూల కాలే వరకు పుల్లతో తోసినాడు. ఆమీట చేతులు కడుక్కొని పంక్తిలో కూచున్యాడు. పాయసము రెండోసారి పోయించుకొన్యాడు.

నేనూ ఆ పంక్తిలోనే కూచోని తింటి రూపేషా. మీ తాత పక్కనే.

ఆ? ఏమి? వస్తాండా లే లక్ష్మీనరసమ్మా, అరవొద్దు. మా ఇంటామె రూపేషా, కొళాయిలో నీళ్ళు వదిలినారంట, తొమ్మిది దినాలకి ఇప్పుడు వదిలినారు. లెయ్యి, లెయ్యి, ఆ డ్రమ్ము ఇట్ల జరుపు.